దాత అడిగిన ప్రశ్న: బోస్టన్‌లో కిడ్నీ మార్పిడికి వెనుక కథ

1954లో బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు ముందు రోనాల్డ్ హెరిక్ అనే 23 ఏళ్ల యువకుడు డాక్టర్లను ఒక మాట అడిగాడు. జబ్బుపడ్డ తన కవల సోదరుడు రిచర్డ్‌కు కిడ్నీ ఇస్తే, జీవితాంతం తన ఆరోగ్యం బాధ్యత ఆసుపత్రిదేనా అని. అతని కిడ్నీ తీయాల్సిన సర్జన్ హార్ట్‌వెల్ హారిసన్ కాదనేశారు. వెంటనే, నీకు అవసరం పడితే ఈ గదిలో ఉన్నవాళ్లు ఎవరైనా నిన్ను చూసుకోం అంటారా అని తిరిగి అడిగారు.

ఈ చరిత్రలో ఆ కిడ్నీని రిచర్డ్‌కు అమర్చిన సర్జన్ జోసెఫ్ ముర్రే నైపుణ్యం గురించే ఎక్కువగా చెప్పుకుంటాం. నాకు మాత్రం రోనాల్డ్ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది. ఏ జబ్బూ లేని మనిషిని, అతని ఒంటికి ఏ మేలూ చేయని ఆపరేషన్‌కు పడుకోబెట్టడం డాక్టర్లకు కొత్త పరీక్ష.

అక్కడిదాకా వచ్చింది ఓటముల మీదుగానే. 1947లో అక్కడి డాక్టర్లు చనిపోయిన మనిషి కిడ్నీని ఓ రోగి చేతికి బయటినుంచే కలిపి కొద్దికాలం నడిపారు. తర్వాత డేవిడ్ హ్యూమ్ తొడలో కిడ్నీలు అమర్చి చూశారు. ఒకటి నెలల తరబడి పనిచేసింది, చాలావరకు మాత్రం ఒళ్లు తోసిపారేసింది. అచ్చుగుద్దినట్టుండే కవలలైతే ఆ తిరస్కారం ఉండదు. అందుకే హెరిక్ సోదరుల చర్మం ముక్కలు ఒకరివి ఒకరికి అతికించి చూశారు, వేలిముద్రలూ పోల్చారు.

ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి రోగి రిచర్డ్, ఇంటికి వెళ్లిపొమ్మని రోనాల్డ్‌కు చీటీ పంపాడు. ఇక్కడే ఉంటానని జవాబొచ్చింది. డిసెంబర్ 23న ఆపరేషన్ జరిగింది. రిచర్డ్ తనను చూసుకున్న నర్సును పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల తండ్రై, మరో ఎనిమిదేళ్లు బతికాడు.

మరి కవలలు లేనివాళ్లో? రేడియేషన్‌తో రోగనిరోధక శక్తిని అణచి చూశారు, బతికినవాళ్లు తక్కువ. దారి చూపింది ఆ శక్తినే అణచే అజాథయోప్రిన్ మందు. ఆ మందుతో, 1962లో చనిపోయిన వ్యక్తి కిడ్నీ అమర్చిన రోగి ఏడాదికి పైగా బతికాడు. ఇలా అయితే ఆరోగ్యవంతుణ్ని కోయాల్సిన పని లేదు కానీ, మనిషి పోయాడని ఎప్పుడు అనాలన్న ప్రశ్న మొదలైంది. 1968లో బ్రెయిన్ డెత్‌ను నిర్వచించిన హార్వర్డ్ కమిటీలో ముర్రే కూడా ఉన్నారు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది.

రోనాల్డ్ లెక్కల మాస్టారయ్యాడు. కిడ్నీ ఇచ్చాక 56 ఏళ్లు బతికి, 2010లో చనిపోయాడు.