‘జర్నల్‌లో వచ్చింది కదా!’: ఆరోగ్య పరిశోధనలపై అపోహలు, వాస్తవాలు

వైద్య విద్యార్థులకు ఔషధశాస్త్రం బోధించడంతోపాటు, జర్నళ్లకు వచ్చే పరిశోధన పత్రాలను సమీక్షించే పని కూడా నాకు అప్పుడప్పుడు ఉంటుంది. ఆ కారణంగానే వాట్సాప్‌లోనో యూట్యూబ్‌లోనో ఆరోగ్య వార్త ఏదైనా కనబడితే, అది నిజమో కాదో చెప్పమని తెలిసినవారు నాకు పంపిస్తుంటారు. వారి ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే నమ్మకాలు ఇవి.

అపోహ: జర్నల్‌లో అచ్చయిందంటే రుజువైనట్లే.

వాస్తవం: సమీక్షకులు పద్ధతి సరైనదేనా, ఇచ్చిన అంకెల నుంచి ఆ నిర్ధారణకు రావచ్చా అన్నది చూస్తారు తప్ప ప్రయోగాన్ని తిరిగి చేయరు, రోగుల అసలు రికార్డులు సాధారణంగా వారి చేతికే రావు. 2020 మే 22న ప్రముఖ వైద్య జర్నల్ లాన్సెట్‌లో, మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కోవిడ్ రోగులకు వాడటంపై వచ్చిన అధ్యయనాన్ని, దానికి ఆధారమైన సమాచారాన్ని స్వతంత్రంగా తనిఖీ చేయడం సాధ్యం కాకపోవడంతో జూన్ 4నే ఉపసంహరించారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాల నుంచి కాపాడే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టడానికి దారితీసిన 1998 నాటి పత్రం కూడా లాన్సెట్‌లోనే వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లల వివరాలు మాత్రమే, దాన్ని పూర్తిగా ఉపసంహరించడానికి 2010 వరకు పట్టింది, నేటికీ అది ఫార్వర్డ్ అవుతూనే ఉంది. పత్రం శీర్షికను వైద్య పరిశోధన పత్రాలను వెతికే ఉచిత వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో వెతికితే, ఉపసంహరించిన పత్రమైతే ఆ సంగతి పైనే స్పష్టంగా కనిపిస్తుంది. సమీక్ష పేరుకు మాత్రమే ఉండే జర్నళ్లూ తక్కువేమీ కావు. పత్రాలకు సరైన సమీక్ష జరుగుతున్నట్లు పరిశోధకులను నమ్మించి, రుసుముల సంగతి ముందుగా చెప్పకుండా దాచిన కేసులో, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఓమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది.

అపోహ: ప్రయోగశాలలో వైరస్‌ను అణిచివేసిన మందు రోగిలోనూ పనిచేస్తుంది.

వాస్తవం: ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. 2020 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పరాన్నజీవులపై వాడే మందు ఐవర్‌మెక్టిన్‌ను గాజు పాత్రలో పెంచిన కోతి మూత్రపిండ కణాలపై పరీక్షించి, 48 గంటల్లో కరోనా వైరస్ జన్యుపదార్థం సుమారు 5,000 రెట్లు తగ్గిందని నివేదించారు. ఫలితం నిజమే. అయితే వారు వాడిన గాఢత, మామూలు మోతాదు మింగినప్పుడు మనిషి రక్తంలో చేరే గాఢతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ స్థాయిని శరీరంలో సాధించాలంటే మోతాదును ప్రమాదకరంగా పెంచాలి. ఈ ఒక్క వాక్యం ప్రచారంలో ఎక్కడా కనిపించలేదు. ఆ తరువాత మందుకు అనుకూలంగా వచ్చిన ఒక ఈజిప్టు ప్రీప్రింట్‌ను, అంటే సమీక్షకు ముందే అందుబాటులో ఉంచిన పత్రాన్ని, 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు. చివరకు బ్రెజిల్‌లో 1,358 మందిపై జరిపి 2022లో ప్రచురించిన ట్రయల్‌లో, ఆసుపత్రిలో చేరే అవసరాన్ని ఆ మందు తగ్గించలేదని తేలింది. కాబట్టి ఏ వార్త చూసినా నేను మొదట అడిగేది, పరీక్షించింది కణాలపైనా, ఎలుకలపైనా, మనుషులపైనా అని.

అపోహ: ముప్పు 18 శాతం పెరుగుతుందంటే 100 మందిలో 18 మందికి జబ్బు వస్తుంది.

వాస్తవం: రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. జీవితకాలంలో 100 మందిలో అయిదుగురికి ఆ జబ్బు వచ్చే సమాజంలో, అందరూ అలా తింటే, ఆ సంఖ్య దాదాపు ఆరవుతుంది. అదే సంస్థ ఈ మాంసాన్ని పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చడం ఆధారాల బలాన్ని సూచిస్తుందే గాని, రెండింటి హాని సమానమని కాదు.

అపోహ: ‘క్లినికల్ ట్రయల్‌లో నిరూపితం’ అనే ప్రకటనను సామాన్యులు తనిఖీ చేయలేరు.

వాస్తవం: మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు 2007లో మొదలైన సీటీఆర్ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, 2009 నుంచి ఔషధ ట్రయల్స్‌కు అందులో నమోదు తప్పనిసరి. ఎంతమందిపై పరీక్షిస్తామన్నారో, ప్రధానంగా ఏ ఫలితాన్ని కొలుస్తామన్నారో అక్కడ ఉంటుంది. కీళ్ల నొప్పిని కొలుస్తామని నమోదు చేసి, ప్రకటనలో మాత్రం రోగనిరోధక శక్తి గురించి చెబుతుంటే, ఆ ట్రయల్ నిరూపించింది ప్రకటనలోని మాటను కాదు.