గుంటలో మిగిలిన మేత

తెల్లవారుజామున రొయ్యల గుంట దగ్గర కాపలా అబ్బాయి తాడు పట్టి చెక్ ట్రేని, అంటే రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళేన్ని, పైకి లాగాడు. మా చిన్నాన్న గట్టు మీద నుంచి టార్చి వేశారు. రెండు గంటల్లో ఖాళీ కావాల్సిన ట్రే అది. మేత గింజలు నీళ్ళు పీల్చి ఉబ్బిపోయి, వేలితో తాకితే ముద్దలా నలిగిపోతున్నాయి. "సగం అట్టే ఉండాది అన్నా," అన్నాడు ఆ అబ్బాయి. ముందురోజు పొద్దుగూకులూ మబ్బు పట్టే ఉంది, రొయ్య మేతకు రాలేదు. ట్రేలో మిగిలింది పిడికెడే. అదే లెక్కన ఎకరం గుంట అడుగున ఎంత పడి ఉంటుందో తల్చుకునే, చిన్నాన్న ఆ పూట మేత ఆపించి, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లన్నీ వేయించారు.

నెల్లూరు తీరంలో రొయ్యలు చచ్చిపోయాయంటే మొదట వినిపించేవి రెండు మాటలు: సీడ్ (గుంటలో వదిలే రొయ్య పిల్లలు) మంచిది కాదు, వైరస్ పడింది. రెండూ నిజం కావచ్చు. కానీ ఆ రెండిటికీ ముందు నీళ్ళు పాడైన కథ ఒకటి ఉంటుంది. ఆ కథ మేత బస్తాతో మొదలవుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా మన జిల్లాలో ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతూనే ఉంది, మనం మాత్రం ప్రతిసారీ కొత్త రోగం పేరు నేర్చుకుంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. ఇప్పుడు మన గుంటల్లో పెంచే వనామీ రకం రొయ్య టన్ను పట్టాలంటే సుమారు టన్నున్నర మేత పోయాలి. అందులో ప్రోటీన్ 35 శాతం అనుకుంటే 525 కిలోలు. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే 84 కిలోలు. టన్ను రొయ్యల ఒంట్లో చేరేది 30 కిలోలకు కాస్త అటూ ఇటూ. మిగతా 50 కిలోల పైచిలుకు తినకుండా మిగిలిన మేతగా, పెంటగా, రొయ్య వదిలే అమ్మోనియాగా గుంటలోనే ఉండిపోతుంది. వరి రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోలకు లోపే. ఎకరాకు మూడు టన్నులు తీసే గుంటలో ఒక పంటకాలంలో ఏడెనిమిది బస్తాల యూరియా కుమ్మరించినట్టు. ఇంత నత్రజని వేసిన మడిలో వరి ఏమవుతుందో నెల్లూరు రైతుకు చెప్పనక్కర్లేదు.

దీనికి రొయ్య తినే తీరు కూడా తోడవుతుంది. చేపలా గుటుక్కున మింగదు. గింజను కాళ్ళతో పట్టుకుని అడుగున కూర్చుని కొంచెం కొంచెంగా కొరుక్కుంటుంది. ఆలోపు గింజ నానుతుంది, అంచులు కరుగుతాయి, పోషకాలు నీళ్ళలోకి జారిపోతాయి. బస్తా అడుగున మిగిలే పొడి అయితే రొయ్యకు అందనే అందదు. అందుకే పోసిన మేతంతా తిన్నట్టు కాదు.

అమ్మోనియా ఉన్నంత మాత్రాన రొయ్య చావదు. దానికి పీహెచ్ (నీళ్ళలో ఆమ్ల, క్షార గుణాల కొలత) తోడవ్వాలి. పీహెచ్ 8 దగ్గర ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది నూటికి ఐదారు పాళ్ళే. 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. మేత ఎరువు తిని నీళ్ళలో నాచు ముదిరేకొద్దీ సాయంత్రానికి పీహెచ్ పైకెక్కుతుంది. తెల్లవారుజామున అదే నాచు ఆక్సిజన్‌ను లాగేస్తుంది. సాయంత్రం ఒక టెన్షన్, తెల్లారితే ఇంకో టెన్షన్. ఇక అడుగు బురదకు ఆక్సిజన్ అందకపోతే నల్లబడి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. రొయ్య మేసేదీ, పడుకునేదీ ఆ బురద మీదే.

మేత లేని రోజులు కూడా ఉండేవి. పులికాట్ చుట్టుపక్కల, ఉప్పుటేర్ల వెంబడి పోటుతో వచ్చిన నీళ్ళను, వాటితోపాటు వచ్చిన రొయ్య పిల్లల్ని కట్టలు వేసి ఆపుకోవడమే సాగు. దిగుబడి తక్కువ, నీటి మీద భారమూ తక్కువే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ధర అందరినీ తీరానికి లాగింది. హ్యాచరీ సీడ్ వచ్చింది, బస్తాల మేత వచ్చింది, దాంతోపాటు ఇన్నో రోజుకు ఇన్ని కిలోలు అని రాసిన ఫీడింగ్ చార్ట్ వచ్చింది. గుంటలో ఎన్ని బతికున్నాయో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు, చార్ట్ మాత్రం అన్నీ బతికే ఉన్నాయన్నట్టు మేత చెబుతుంది. సగం చచ్చినా పూర్తి మేత పడేది.

కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు క్రీక్ ఆ రోజుల్లో అందరి నోటా వినిపించేది. రెండు ఒడ్డులా గుంటలే. ఒక గుంట వదిలిన నీళ్ళు క్రీక్‌లోకి, అదే క్రీక్ నుంచి మోటారు పెట్టి పక్క గుంటలోకి. పోటూపాట్లతో నీళ్ళు అక్కడక్కడే కొట్టుమిట్టాడతాయి తప్ప పూర్తిగా సముద్రంలోకి పోవు. 1994లో అక్కడ రొయ్యలు కుప్పలుగా చచ్చాయి. ఆసియా దేశాల్లో అప్పటికే తిరుగుతున్న తెల్లమచ్చ రోగం మన తీరానికీ వచ్చింది. వైరస్‌ను మేత పుట్టించలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కానీ మేత మురుగుతో నీరసించిన రొయ్యలు ఒకరి నీళ్ళు ఒకరు పంచుకునే క్రీక్ పొడవునా ఉంటే, దానికి అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

అదే సంవత్సరం గాంధేయవాది ఎస్. జగన్నాథన్ తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ బృందం ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో చెరువుల్ని చూసి నివేదిక ఇచ్చింది. 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీరానికి 500 మీటర్ల లోపు సంప్రదాయ పద్ధతులు తప్ప వేరే రొయ్యల సాగు వద్దంది. తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. 5 హెక్టార్లు దాటిన చెరువులకు వ్యర్థజలాల శుద్ధి గుంట ఉండాలన్నారు. మన దగ్గర ఎక్కువమందివి రెండు హెక్టార్ల లోపు చెరువులు. విడివిడిగా చిన్నవే, అన్నీ కలిస్తే కాలువ నిండా మురుగు. నియమం అంటూ ఉన్నా, అసలు బరువు దానికి అందలేదని నా అభిప్రాయం.

ఆ చట్టం కింద మెరుగుపరచిన సంప్రదాయ సాగుకు పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 6 పిల్లలు. 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు పరిమితి 60. పదింతలు! వనామీ టైగర్‌లా అడుగునే ఉండిపోదు, నీళ్ళంతా తిరుగుతుంది, తక్కువ ప్రోటీన్‌తో పెరుగుతుంది, కాబట్టి కిక్కిరిసినా సాగుతుంది. మైపాడు నుంచి ఇసకపల్లి దాకా, పైన ప్రకాశంలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు గుంటలు మళ్ళీ నిండాయి. కిలోకు పడే మేత కాస్త తగ్గినా, ఎకరానికి పడే మేత బాగా పెరిగింది.

సముద్రానికి దూరంగా, వరి పొలాల్లోకి కూడా గుంటలు నడిచాయి. అక్కడ బోరు నీళ్ళు, ఉప్పు తక్కువ. ఇక్కడ ఇంకో చిక్కుంది. అమ్మోనియా మారే దారిలో వచ్చే నైట్రైట్‌ను రొయ్య మొప్పల్లోకి పోకుండా ఉప్పునీటిలోని క్లోరైడ్ అడ్డుకుంటుంది. ఉప్పు తక్కువైన చోట ఆ అడ్డు ఉండదు. అదే మేత, అదే నైట్రైట్ ఇక్కడ ఎక్కువ ప్రమాదం. పక్క రైతు తాగునీటి బోరు, వరి మడి ఉప్పెక్కుతున్నాయన్న గొడవలు కూడా అక్కడివే.

మంచినీటి చేపల చెరువుల్లో సంగతి వేరు. మేత ఖర్చు తట్టుకోలేక కొందరు కోళ్ళ వ్యర్థాలు పోస్తారు. రాత్రిళ్ళు వ్యాన్లలో వస్తుంది, అధికారులు పట్టుకుంటారు, మళ్ళీ వస్తుంది. ఆ చెరువు గట్టున ఒకసారి నిలబడితే చాలు, నీటి మీద కొవ్వు పొర, ఈకలు, కడుపులో తిప్పే వాసన. ఆ చేపను మన పిల్లలకు ఎలా పెడతాం?

ఇంత తెలిసినా మేత ఎందుకు ఎక్కువ పడుతోంది? సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే కదా, రైతుకు పొదుపు తెలియదా? తెలుసు. కానీ చిన్న రైతు మేతను అప్పుకు తెచ్చుకుంటాడు, పట్టుబడి అయ్యాక తీరుస్తాడు. గట్టు మీదకు వచ్చి ఎంత వేయాలో చెప్పే టెక్నీషియన్ చాలాసార్లు మేత అమ్మేవాళ్ళ తరఫు మనిషే. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాకపోతే అప్పు తీరదన్న భయంతో ఇంకో రెండు కిలోలు పోస్తారు. నీళ్ళు పాడైతే బాగుచేయడానికి ప్రోబయోటిక్, జియోలైట్, సున్నం, అవి కూడా అప్పుకే. రైతును తప్పుబట్టడానికి నాకు మనసు రాదు. 2020లో రాష్ట్రం చేసిన చేపల మేత నాణ్యతా చట్టం బస్తాలో ఏముండాలో చూస్తుంది. ఎంత వేయాలో చెప్పడానికి అమ్మకంతో సంబంధం లేని మనిషి గట్టు మీద ఇప్పటికీ లేడు.

జాగ్రత్తపడే రైతులు లేకపోలేదు. అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య కుబుసం విడుస్తుందని మేత తగ్గిస్తారు. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే ముందే మేతకు కోత పెడతారు. గుంట మధ్యలో చేరే మురుగును రోజూ తోడేస్తారు. కొందరు ఆటో ఫీడర్లు పెట్టి కొంచెం కొంచెంగా చాలాసార్లు వేస్తున్నారు.

ఆ పంట చిన్నాన్న తొంభై రోజులకే పట్టేశారు. గుంట వట్టిచేసేటప్పుడు పైనీళ్ళు తేటగానే పోయాయి. చివరి జానెడు నీళ్ళు మాత్రం డికాషన్ రంగులో, బురదను ఎత్తుకుని వచ్చాయి. గుంటలో పేరుకున్న మురుగులో ఎక్కువ భాగం పోయేది ఆ చివరి నీళ్ళతోనే. చిన్నాన్న తూము మూయించి, ఆ నీళ్ళను పక్కనున్న ఖాళీ గుంటలోకి మళ్ళించమన్నారు. "కాలువలోకి వదిలేస్తే తొందరగా అయిపోద్ది కదన్నా," అన్నాడు కాపలా అబ్బాయి. కాలువ కింద వంద గజాల్లో ఇంకొకరి మోటారు ఆడుతోంది. ఆయన కొత్త పంటకు నీళ్ళు పెట్టుకుంటున్నాడు.