ప్రధాని కావాలంటే ముందు సైన్యంలో చేసి ఉండాలా? అపోహలు - వాస్తవాలు

నేను ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, 24 ఏళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఇప్పుడు తాడేపల్లిగూడెం దగ్గర మా ఊళ్లో తెల్లవారుజామునే గ్రౌండుకు వెళ్లి, అగ్నివీర్ సెలక్షన్‌కి తయారవుతున్న పిల్లల చేత పరుగు తీయిస్తుంటాను. తరతరాలుగా సైన్యంలో చేరే కుటుంబాలున్న మిలటరీ మాధవరం మాకు పక్కనే. ఇటువైపు వీధికొక ఫౌజీ ఉంటాడు. అందుకే ఎన్నికలొచ్చినా, సరిహద్దులో కాల్పులు జరిగినా మా అరుగుల మీద ఒకటే మాట: "రెండేళ్లు బోర్డర్లో ఉండొచ్చినవాడికే ప్రధాని పదవి ఇవ్వాలి. అప్పుడు తెలుస్తుంది."

ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. శవపేటిక ఊళ్లోకి వచ్చిన రోజు నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. కానీ సర్వీసంతా చూసి, చరిత్ర చదివాక, దాన్ని రూలుగా పెట్టడం దేశానికీ సైన్యానికీ మంచిది కాదన్న నిర్ణయానికి వచ్చాను. గ్రౌండులో పిల్లలు అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి.

అపోహ: యుద్ధం చేసినవాడే యుద్ధం గురించి సరైన నిర్ణయం తీసుకోగలడు.

1965 చూడండి. ఇటు లాల్ బహదూర్ శాస్త్రి. బక్కపలచని మనిషి, ఒంటిమీద ధోవతి, ఏనాడూ తుపాకీ పట్టినవాడు కాదు. అటు పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్, ఫీల్డ్ మార్షల్. సెప్టెంబర్ 1న పాకిస్తాన్ ట్యాంకులు ఛంబ్ దగ్గర దాటి అఖ్నూర్ వైపు కదిలాయి. అఖ్నూర్ వంతెన పోతే రాజౌరి, పూంచ్‌లకు దారి తెగిపోతుంది. ఆ ఒత్తిడి తగ్గాలంటే పంజాబ్‌లో ఇంకో రంగం తెరవాలని సైన్యం చెప్పింది, శాస్త్రిగారు సరేనన్నారు. సెప్టెంబర్ 6న మన దళాలు లాహోర్ వైపు అంతర్జాతీయ సరిహద్దు దాటాయి. భారత్ అంత దూరం రాదని వేసుకున్న లెక్క అక్కడ తప్పింది. ఆ లెక్కను నమ్మి యుద్ధానికి దిగిన అయూబ్ ఖాన్ సైన్యంలోనే ఎదిగినవాడు.

1971లోనూ అంతే. ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్ మీదకు వెళ్లాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, ఇప్పుడు సిద్ధంగా లేమని ఇందిరా గాంధీ ముందు చెప్పానని అప్పటి సైన్యాధ్యక్షుడు మానెక్‌షా తర్వాత స్వయంగా అనేక సభల్లో చెప్పారు. వానలు మొదలైతే అక్కడి నదులు సముద్రాల్లా ఉంటాయి, మంచు కరిగితే హిమాలయాల్లో దారులు తెరుచుకుని చైనా భయం ఉంటుంది, దళాలు ఎక్కడెక్కడో ఉన్నాయి. ఆవిడ ఆగారు. డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో పాకిస్తాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది, దాదాపు 93 వేల మంది బందీలయ్యారు. అవతల దేశాధ్యక్షుడి కుర్చీలో ఉన్నది యాహ్యా ఖాన్. ఆయన జనరల్.

ఇక్కడ ఎవరైనా "మరి 1962 చైనా యుద్ధం సంగతేంటి సుబేదార్ గారూ?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నెహ్రూగారికీ, రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌గారికీ సైన్యం అనుభవం లేదు, దేశం తీవ్రంగా దెబ్బతింది, మనవాళ్లు ఆ ఎత్తులో నూలు బట్టలతో చలికి వణుకుతూ పోరాడారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. కానీ జరిగింది వరసగా చూడండి. ఈశాన్య సరిహద్దులో నామ్కా చూ వాగు దగ్గర ఉన్న చైనావాళ్లను తరిమేయమన్నప్పుడు, ఆ దళాలకు అక్కడ రేషన్, మందుగుండు అందవని 33 కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సైనిక విభాగం) కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ అభ్యంతరం చెప్పారు. ఆయన మాట వినలేదు. అక్టోబర్ మొదట్లో కొత్తగా 4 కోర్ ఏర్పాటు చేసి ఆ పని లెఫ్టినెంట్ జనరల్ కౌల్‌కి అప్పగించారు. కౌల్ కూడా యూనిఫాంలో ఉన్న మనిషే. అక్టోబర్ 20న చైనా విరుచుకుపడింది. కింద నుంచి నిజం చెప్పినవాణ్ణి పక్కకు తప్పించి, పైవాళ్లకు నచ్చే మాట చెప్పేవాణ్ణి తెచ్చి పెట్టారు. ఆ తప్పు యూనిఫాం వేసుకున్నవాడూ చేస్తాడు, వేసుకోనివాడూ చేస్తాడు. శాస్త్రిగారూ ఇందిరాగారూ చేయలేదు.

అపోహ: రాష్ట్రపతి సర్వసైన్యాధిపతి కాబట్టి ఆ పదవికైనా సైనికుడే ఉండాలి.

రాజ్యాంగం 53వ అధికరణం సైన్యాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది, దాన్ని చట్టం ప్రకారం నడపాలనీ అక్కడే రాసింది. ఆచరణలో మంత్రివర్గం సలహా మీదే అంతా. ఎన్నికైన పౌరుల చేతికింద తుపాకీ ఉండాలన్నదే ఆ ఏర్పాటు. ఇంకో మాట. అబ్దుల్ కలాంగారు కుర్రతనంలో వైమానిక దళంలో పైలట్ కావాలని డెహ్రాడూన్ వెళ్లారు. ఎనిమిది ఖాళీలకు ఆయనది తొమ్మిదో స్థానం. అలా వెనక్కి వచ్చిన మనిషే 2002లో ఆ వైమానిక దళానికి కూడా సర్వసైన్యాధిపతి అయ్యారు. ఆ రూలు ఉండి ఉంటే ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లం.

అపోహ: ఇజ్రాయెల్, దక్షిణ కొరియాల్లో ఈ రూలు ఉంది.

లేదు. అక్కడ ఉన్నది పౌరులకు తప్పనిసరి సైనిక సేవ. దేశాధినేత పదవికి అది అర్హత కాదు. దక్షిణ కొరియాలో యూన్ సుక్ యోల్ చూపు కారణంగా సేవ నుంచి మినహాయింపు పొందారు, అయినా అధ్యక్షుడయ్యారు. ఆయన తర్వాత వచ్చిన లీ జే మ్యుంగ్‌కి చిన్నప్పుడు ఫ్యాక్టరీలో చెయ్యి దెబ్బతినడం వల్ల మినహాయింపు వచ్చింది. ఇజ్రాయెల్‌లో 1973 అక్టోబర్‌లో ఈజిప్టు, సిరియా ఒకేసారి దాడి చేసినప్పుడు రక్షణ మంత్రి మోషే దయాన్. ఆయన మాజీ సైన్యాధ్యక్షుడు. అయినా దేశం ఏమరుపాటున దొరికిపోయింది. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం దాదాపు చివరిదాకా నడిపిన రూజ్వెల్ట్ ఏనాడూ సైనికుడు కాదు.

అపోహ: నాయకుల్ని రెండేళ్లు పంపిస్తే సైన్యానికీ మంచిదే.

ఇది వింటే నాకు భయమేస్తుంది. ఎందుకో చెప్తాను.

బోఫోర్స్ ఫిరంగి దగ్గర రాత్రి ఫైరింగ్ ఊహించుకోండి. ఒక్కో గుండు నలభై కిలోల పైమాటే. ఒకడు గుండుని పేల్చే ఫ్యూజ్ సెట్ చేస్తాడు, ఒకడు గుండుని తోసే మందు సంచులు, అంటే ఛార్జ్, లెక్కపెట్టి అందిస్తాడు, ఒకడు సైట్‌లో కోణం చూస్తాడు. టార్చి కూడా చేతిలో దాచుకుని వెలిగించాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, చేతి తొడుగు తీస్తే ఇనుము చర్మానికి అంటుకుంటుంది. ఒక ఛార్జ్ ఎక్కువైనా, కోణం చూసేవాడు ఒక అంకె తప్పు చదివినా గుండు వెళ్లి పడేది శత్రువు మీద కాదు, ముందున్న మన పదాతి దళం మీద. అందుకే ఫిరంగి జట్టుకు పెద్దయిన డిటాచ్‌మెంట్ కమాండర్ ప్రతిదీ మళ్లీ చూస్తాడు. ఆ జట్టులో ప్రతివాడూ పక్కవాడి చేతుల్ని నమ్ముతాడు. ఆ నమ్మకం రావడానికి మాకు నెలలు కాదు, ఏళ్లు పట్టింది.

ఆ జట్టులోకి సర్టిఫికెట్ కోసం ఒకడొచ్చాడనుకోండి. వాడి తండ్రి మంత్రి. వాణ్ణి నిజంగా ముందు పోస్టుకి పంపుతారా? పంపరు. ఏదో హెడ్‌క్వార్టర్లో కుర్చీ వేస్తారు. పంపితే, వాడికేమైనా అవుతుందేమోనని యూనిట్ పెద్ద సీఓ సాబ్ నుంచి హవల్దార్ దాకా అందరికీ వాడే టెన్షన్. ఒకసారి ఒక పెద్దాయన కొడుకు మా యూనిట్ చూడ్డానికి రెండు రోజులు వస్తేనే, పనంతా ఆపి గడ్డి పీకించి రాళ్లకు సున్నం వేయించారు. రెండేళ్లంటే ఏమవుతుందో ఊహించండి. మన సైన్యం మొదటి నుంచీ ఇష్టపడి చేరినవాళ్లతోనే నిలబడింది. గ్రౌండులో నా పిల్లలు ఐదున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు పరిగెత్తడానికి నెలల తరబడి కష్టపడతారు. ఆ చోటుని ఇంకొకరి ఎన్నికల అర్హత కోసం ఇవ్వమంటే నేను ఒప్పుకోను.

ఇంకా లెక్క చూడండి. 140 కోట్ల జనంలో మూడు దళాలూ కలిపి యూనిఫాంలో ఉన్నది సుమారు 14 లక్షలు. మెడికల్ విభాగాన్ని పక్కన పెడితే ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలైందే 1992లో. జవాన్లుగా మిలటరీ పోలీస్‌లోకి వచ్చింది ఈ మధ్యే. పోలియో వచ్చినవాళ్లు, కంటిచూపు తక్కువైనవాళ్లు మెడికల్‌లోనే ఆగిపోతారు. లోక్‌సభకు పోటీ చేయాలంటే భారత పౌరుడై 25 ఏళ్లు నిండి ఉండాలని 84వ అధికరణం తలుపు తెరిచి పెట్టింది. ఈ రూలు ఆ తలుపుని కొద్దిమందికే తెరుస్తుంది.

అపోహ: సైన్యంలో చేసినవాడు అవినీతి చేయడు.

చేయనివాళ్లే ఎక్కువ, గర్వంగా చెప్తాను. కానీ కోర్టు మార్షల్ ఊరికే పెట్టలేదు. రేషన్ లెక్కలు తారుమారు చేసి ర్యాంకు పోగొట్టుకున్నవాణ్ణి నా కళ్లతో చూశాను. పైగా మా క్రమశిక్షణ ఆర్డర్ మీద నడుస్తుంది. ఫాలిన్ (వరసలో నిలబడు) అంటే ఫాలిన్. ప్రజాజీవితంలో ఎదుటివాడికి కాదనే హక్కు ఉంటుంది, అతన్ని ఒప్పించాలి. రిటైరయ్యాక పంచాయతీ మీటింగులో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆ తేడా నాకు బాగా తెలిసొచ్చింది. అది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

అపోహ: అయితే ఫౌజీలు రాజకీయాల్లోకి రాకూడదు.

ఇది రెండో వైపు తప్పు. ఆర్మీ రూల్స్ 1954లో 20వ రూలు సర్వీసులో ఉన్నవాళ్లకే. పార్టీ సభకు వెళ్లకూడదు, పార్టీలో చేరకూడదు, చందా ఇవ్వకూడదు, పోటీ చేయకూడదు. రిటైరయ్యాక అందరిలాంటి పౌరుడే. మేజర్ జనరల్ ఖండూరీ కేంద్రంలో రోడ్ల శాఖ చూశారు, ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యారు. మన తెలంగాణలో మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి వైమానిక దళంలో ఫైటర్ పైలట్. వాళ్లు జనం ఓట్లతో వచ్చారు, రిజర్వేషన్‌తో కాదు. రావాలి, ఇంకా ఎక్కువమంది రావాలి.

యూనిఫాంని ఓట్ల కోసం వాడుకోవడం మాత్రం ఆపాలి. ప్రచారంలో సైనికుల ఫొటోలు పెట్టొద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ చెప్పింది. మొన్నటి ఎన్నికల్లో ఒక ఎంపీ అభ్యర్థి మిలటరీ రంగు జాకెట్ వేసుకుని మా అమరవీరుల స్తూపం దగ్గరికి దండ వేయడానికి వచ్చారు. "బాబూ, ఆ జాకెట్ తీసి వేయండి" అన్నాను. ఆయన మంచిమనిషి, వెంటనే తీసి కారులో పెట్టి దండ వేశారు. వెళ్లేటప్పుడు అడిగాను: "పార్లమెంటులో రక్షణ శాఖ మీద స్టాండింగ్ కమిటీ ఉంటుంది, 31 మంది ఎంపీలు. మా బూట్ల దగ్గర్నుంచి యుద్ధ విమానాల దాకా అధికారుల్ని పిలిచి అడగొచ్చు. గెలిస్తే అందులో కూర్చుంటారా?" ఆ పేరు ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. మా పిల్లవాడి రన్నింగ్ టైముల పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, రాసిచ్చాను.