తెర మీద స్కిజోఫ్రీనియా: వాల్తేరు నుంచి చూస్తే

వాల్తేరు అంటే మిగతా దేశానికి చాలాకాలం ఒక రైల్వే స్టేషన్. ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం ఆ పేరుకు ఇంకో అర్థం ఉంది. "వీణ్ని వాల్తేరు పంపాలి" అంటే పిచ్చాసుపత్రిలో చేర్పించాలని. బ్రిటిష్ కాలం నుంచీ విశాఖలో మానసిక వైద్యశాల అక్కడే ఉండటంతో పుట్టిన మాట అది. హైదరాబాద్ వైపు ఇదే మాటకు ఎర్రగడ్డ అంటారు. సినిమా కామెడీలో ఇలాంటి మాట పడగానే హాల్లో నవ్వులు లేస్తాయి. మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాదు. మా చిన్నాన్న 22 ఏళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్నారు.

సగం గందరగోళం ఆ పేరులోనే ఉంది. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టారు. చీలిన మనసు అని దాని అర్థం. ఆలోచన ఒకవైపు, భావం ఒకవైపు, నడవడిక ఇంకోవైపు పోతాయన్నది ఆయన ఉద్దేశం. జనం మాత్రం ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు ఉంటారని అర్థం చేసుకున్నారు. అది వేరే సమస్య, చాలా అరుదైనది కూడా. పేరు వల్ల పడే మచ్చ చూసి జపాన్ 2002లో తమ భాషలో దీని పేరే మార్చేసింది. మన దగ్గర ఆ పొరపాటును సినిమా ఇంకా పెంచింది. 2005లో 'అపరిచితుడు' వచ్చింది. ఒకే మనిషి రామానుజం, రెమో, అపరిచితుడు అయ్యే కథ. అందులో డాక్టర్ మల్టిపుల్ పర్సనాలిటీ అనే చెబుతాడు, ఆ మేరకు సినిమా తప్పు చెప్పలేదు. కానీ ఆ తర్వాత చిన్నాన్న జబ్బు పేరు చెప్పిన ప్రతిచోటా "అంటే అపరిచితుడిలోలాగానా?" అన్న ప్రశ్నే ఎదురైంది. పెళ్లి సంబంధాల వాళ్లూ అదే అడిగారు. సంబంధాలు ఆగిపోయాయి.

ఇంకా వెనక్కి వెళితే, తెలుగులో మానసిక వైద్యశాలను కథకు కేంద్రం చేసిన తొలినాటి చిత్రాల్లో 1960 నాటి 'చివరకు మిగిలేది' ఒకటి. 'దీప్ జ్వేలే జాయ్' అనే బెంగాలీ సినిమాకు రీమేక్. సావిత్రి నర్సు. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన రోగిని, ప్రేమ నటించి మామూలు మనిషిని చేయడం ఆమెకు అప్పగించిన పని. చివరికి ఆమే రోగి అవుతుంది. సావిత్రి నటన గురించి కొత్తగా చెప్పేదేముంది! సినిమా మనసు కూడా మంచిదే, రోగిని రాక్షసుణ్ని చేయలేదు. అయితే మనసు విరగడం వల్ల పిచ్చి వస్తుందని, ప్రేమిస్తే పోతుందని అక్కడ వేసిన బాట మాత్రం చాలాకాలం చెరగలేదు. ఆ సినిమా వచ్చేనాటికే స్కిజోఫ్రీనియాకు మందు వచ్చి 8 ఏళ్లయింది. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ వాడి ఫలితం చూశారు. తెర మీద మాత్రం మాత్ర కన్నా కన్నీటికే విలువ.

తర్వాతి దశాబ్దాల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. తలకు దెబ్బ తగిలితే పిచ్చి, మళ్లీ దెబ్బ తగిలితే నయం. కరెంటు షాక్ అంటే విలన్ వేసే శిక్ష, లేదంటే కమెడియన్ జుట్టు నిక్కబొడుచుకునే సీను. నిజానికి మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. రోగిని గొలుసులతో కట్టేయడాన్నీ నిషేధించింది. దాని వెనక 2001 ఆగస్టు 6 ఉంది. తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి ఉంచిన మానసిక రోగుల పాకలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మా ఊళ్లోనూ చిన్నాన్నకు మొదట "గాలి సోకింది" అన్నారు, తాయెత్తు కట్టారు. చిల్లంగి, అంటే చేతబడి, అన్నవాళ్లూ ఉన్నారు. డాక్టర్ దగ్గరికి చేరేసరికి రెండేళ్లు పోయాయి.

అదే 2001లో హాలీవుడ్ నుంచి 'ఎ బ్యూటిఫుల్ మైండ్' వచ్చి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తీసుకుంది. 1994లో నోబెల్ అందుకున్న గణిత మేధావి జాన్ నాష్ జీవితం ఆధారంగా తీశారు. ఈ జబ్బుతో బతుకుతున్న మనిషిని ప్రపంచం గౌరవంగా చూసింది ఆ సినిమాతోనే అనిపిస్తుంది. కానీ రెండు చోట్ల నిజం నుంచి పక్కకు జరిగింది. నాష్ 1970 తర్వాత మందులు మానేశానని చెప్పారు, సినిమాలో మాత్రం కొత్త మందులు వాడుతున్నానంటాడు. చూసి జనం మందులు మానేస్తారన్న భయంతోనే అలా రాశారంటారు. నేనైతే దాన్ని తప్పు పట్టలేను. రెండోది ఇంకా ముఖ్యం. సినిమాలో నాష్‌కు లేని మనుషులు కనిపిస్తారు, అసలు నాష్‌ను వేధించినవి గొంతులు. స్కిజోఫ్రీనియాలో ఎక్కువమందికి ఉండేది ఈ వినిపించడమే. సినిమాకు బొమ్మ కావాలి కాబట్టి చెవి బాధను కంటికి మార్చేశారు. ఆ సినిమా టీవీలో చూసిన రోజు చిన్నాన్న ఒకే మాటన్నారు: "వాడికి కనిపిస్తున్నార్రా, నాకైతే వినిపిస్తారు."

ఇంకో సంగతి సినిమాలు అసలే ముట్టుకోవు. మనిషి ముడుచుకుపోవడం, స్నానం చేయబుద్ధి కాకపోవడం, ముఖంలో ఏ భావమూ లేకుండా గంటలు కూర్చోవడం, మందుల వల్ల చేతులు వణకడం, ఒళ్లు రావడం. ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి అలసిపోయేలా చేసేవి ఇవే. కత్తి పట్టుకునే 'సైకో' చాలా అరుదు. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఇంకొకరి మీద చేయి చేసుకోవడం కన్నా ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 300 మందికి ఒకరికి ఈ జబ్బు ఉంది. 2011 జనాభాతో చూసినా ఒక్క విశాఖ నగరంలోనే అయిదు వేలకు పైగా అవుతారు. వాళ్లలో ఎందరు కత్తి పట్టుకున్నారు?

దగ్గరగా వచ్చిన సినిమాలూ ఉన్నాయి, అవి తెలుగులో కావు. 1987 నాటి మలయాళం 'తనియావర్తనం'లో మమ్ముట్టి బడిపంతులు. ఆ ఇంట్లో తరానికొకరికి పిచ్చి వస్తుందని ఊరు నమ్ముతుంది, ఏ జబ్బూ లేని ఆయన్ని చూపులతో, గుసగుసలతో పిచ్చివాణ్ని చేస్తుంది. 2005లో అపర్ణా సేన్ తీసిన '15 పార్క్ అవెన్యూ'లో కొంకణా సేన్ శర్మ చెల్లెలు, షబానా ఆజ్మీ అక్క. చెల్లెల్ని చూసుకుంటూ తన బతుకు పక్కన పెట్టిన ఆ అక్కలో మా అమ్మ కనిపించింది నాకు. మరిది కోసం మా అమ్మ ఏ పెళ్లికీ రాత్రి ఉండేది కాదు.

2024 జులై 8న సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో తీర్పు ఇస్తూ, వైకల్యం ఉన్నవాళ్లను తెర మీద ఎలా చూపాలో మార్గదర్శకాలు చెప్పింది. వాళ్లను కించపరిచే హాస్యం వేరు, వాళ్ల జీవితాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అంది. వాళ్లను సంప్రదించకుండా వాళ్ల గురించి తీయొద్దంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మానసిక వ్యాధి కూడా వైకల్యాల జాబితాలో ఉంది కాబట్టి ఈ మాటలు చిన్నాన్నకూ వర్తిస్తాయి. విశాఖలో ఇన్ని షూటింగులు జరుగుతాయి, కథ రాసేవాళ్లు ఒక్క పూట వాల్తేరు ఓపీ దగ్గర కూర్చుంటే చాలు. బ్యాగులో పాత చీటీలు, స్టీలు క్యారేజీ పెట్టుకుని తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన తల్లులు మాట్లాడతారు.

చిన్నాన్న ఇప్పుడు రోజూ ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తారు. కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా. మధ్యలో ఒక్కోసారి ఆగి పెదాలు కదిపి, మళ్లీ నడుస్తారు. ఏమైంది చిన్నాన్నా అని అడిగితే, "ఏదో అంటున్నారులే, అననీ" అని ముందుకు సాగిపోతారు.