ఆరుబయట పొగ, ఆయాసపడే ఊపిరితిత్తులు

ఆరుబయట కాల్చే సిగరెట్ పొగ గాలిలో ఇట్టే కలిసిపోతుందన్న నమ్మకం చాలావరకు నిజమే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాలిఫోర్నియాలోని పార్కుల్లోనూ, హోటళ్ల ఆరుబయటి బల్లల దగ్గరా పొగ కణాలను కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిగరెట్ తాగే మనిషికి రెండు మీటర్లకు మించిన దూరంలో ఆ పొగ దాదాపు పట్టుబడలేదు. గదిలో గంటల తరబడి నిలిచిపోయే కణాలు ఆరుబయట సిగరెట్ ఆర్పిన వెంటనే మాయమయ్యాయి. అయితే, అర మీటరు దూరంలో పొగ కొట్టుకొచ్చే వైపున కూర్చున్నవారికి, సిగరెట్ వెలుగుతున్నంతసేపూ అందే మోతాదు గదిలోని మోతాదుకు తీసిపోదని కూడా అవే కొలతలు తేల్చాయి.

అందుకే రోజంతటి సగటు చూసి ఆరుబయటి పొగను తేలిగ్గా తీసుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఆరోగ్యవంతుడు ఆ కొద్ది నిమిషాల పొగకు దగ్గి మరచిపోతాడు. ఉబ్బసం ఉన్నవారికీ, సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి ఉన్నవారికీ అసలు ముప్పు ఆ కొద్ది నిమిషాల్లోనే ఉంటుంది.

పక్కవారిని చేరే పొగలో ఎక్కువ వాటా తాగేవారు వదిలినది కాదు, రెండు దమ్ముల మధ్య సిగరెట్ కొన నుంచి దానంతటదే లేచేది. తక్కువ వేడిలో అరకొరగా కాలడం వల్లా, ఫిల్టర్ గుండా రాకపోవడం వల్లా అందులో అమ్మోనియా వంటి ఘాటు వాయువులు ఎక్కువగా ఉంటాయి. (తునికాకు బీడీ మాటిమాటికీ పీల్చకపోతే ఆరిపోతుంది, సిగరెట్ మాత్రం వేళ్ల మధ్య ఊరికే ఉన్నా కాలుతూనే ఉంటుంది.) పొగలోని అక్రోలిన్ వంటి రసాయనాలు శ్వాసనాళాల గోడల్లోని నాడుల కొనలను రేపుతాయి, ఆ వెంటనే నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కఫం ఊరుతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. గాలి సాఫీగా పారే గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే దానిలోని అవరోధం 16 రెట్లు పెరుగుతుంది. మామూలు నాళం కొద్దిగా ముడుచుకుంటే మనిషికి తెలియనైనా తెలియదు గాని, వాపుతో ముందే ఇరుకైన నాళం అంతే ముడుచుకుంటే మాట పెగలదు.

సీఓపీడీలో మరో చిక్కు ఉంది. గాలిగదుల గోడలు దెబ్బతిని ఊపిరితిత్తులు సాగాక తిరిగి ముడుచుకునే గుణాన్ని కోల్పోవడంతో, వారికి గాలి పీల్చడం కంటే పూర్తిగా వదలడమే కష్టం, దానికి సమయమూ ఎక్కువ పడుతుంది. పొగను తప్పించుకోవడానికి వడివడిగా నడిస్తే శ్వాస వేగం పెరిగి, పాత గాలి బయటికి పోకముందే కొత్త గాలి వచ్చి చేరుతుంది. ఛాతీ ఉబ్బిపోయి ఆయాసం ఇంకా హెచ్చుతుంది. ‘ఇబ్బందిగా ఉంటే కాస్త పక్కకు వెళ్లొచ్చు కదా’ అనేవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. పైగా మూడు వైపులా గోడలూ పైన కప్పూ ఉన్న బస్టాపులో గాలి ఆడదు, నలుగురు కాలిస్తే పొగ నాలుగింతలవుతుంది, బస్సు తప్పిపోతుందేమోనన్న భయంతో రోగి అక్కడే నిలబడాల్సి వస్తుంది.

మన దేశంలో 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం బహిరంగ స్థలాల్లో ధూమపానాన్ని నిషేధిస్తూనే ఆరుబయటి స్థలాలను మినహాయించింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమలైన నిబంధనలు బస్టాపులు, రైల్వే స్టేషన్లు, స్టేడియంల వంటి వాటికి ఆ మినహాయింపు వర్తించదని తేల్చాయి. ఉల్లంఘిస్తే 200 రూపాయల వరకు జరిమానా. బస్టాపును ఆనుకుని ఉన్న టీకొట్టు దగ్గర మాత్రం ఆ నిబంధనను పట్టించుకునేవారు అరుదు.

ముక్కుకు అడ్డం పెట్టుకునే చేతిరుమాలు, కొంగు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవైన పొగ కణాలను ఆపలేవు. ఎన్-95 మాస్కు కణాలను ఆపినా ఘాటు వాయువులను ఆపదు, పైగా శ్వాసకు మరికొంత శ్రమ కలిగిస్తుంది. కాబట్టి వైద్యులు సూచించిన తక్షణ ఉపశమన ఇన్‌హేలర్‌ను బయటికి వెళ్లేటప్పుడు జేబులోనే ఉంచుకోవడం, పొగ కొట్టుకుపోయే వైపు కాకుండా గాలి వచ్చే వైపుకు, తొందరపడకుండా, రెండు మూడు మీటర్లు జరగడం మేలు. కాల్చేవారే ఆ రెండు మూడు మీటర్లు జరిగితే రోగికి ఆ నడక కూడా తప్పుతుంది.