ఎస్ఎల్‌బీసీ సొరంగం: ముందున్న రాయి ఎవరూ చూడలేదు

శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తెచ్చే ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పనులు మళ్లీ మొదలవుతాయనగానే పాత తగాదా పైకొచ్చింది. పదేళ్లు పట్టించుకోలేదు మీరేనని కాంగ్రెస్ అంటోంది. చూసుకోకుండా తొందరపడి ఎనిమిది మందిని బలిచ్చింది మీరేనని బీఆర్ఎస్ అంటోంది. ఎవరి లెక్క వాళ్లది. 2025 ఫిబ్రవరి 22న సొరంగం పైకప్పు కూలిన ప్రమాదానికి బీజం మాత్రం ఈ ఇద్దరి కొట్లాటకు చాలా ముందు, 2005లో కుదిరిన తవ్వకం ఒప్పందంలోనే పడింది.

శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉన్న దోమలపెంట నుంచి అచ్చంపేట దగ్గరి మన్నెవారిపల్లి దాకా దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అడవి. మధ్యలో ఎక్కడా దారి తవ్వకూడదు కాబట్టి రెండు చివర్ల నుంచి రెండు టన్నెల్ బోరింగ్ మెషిన్లను (సొరంగం తొలిచే భారీ యంత్రాలను) దింపారు. అడవి బతికింది, మంచిదే. కానీ పైనుంచి బోర్లు వేసి లోపలి రాయి ఎలా ఉందో చూసే వీలూ దానితోనే పోయింది.

ఆయిల్ బావులు తవ్వేవాళ్లు కొద్ది మీటర్ల మందమున్న పొరలో కూడా బిట్‌ను, అంటే రాయిని తొలిచే మొనను, అడ్డంగా నడిపిస్తారు. బిట్ వెనకే ఉన్న సెన్సార్లు రాయి మారగానే చెబుతాయి, వెంటనే దిశ మారుస్తారు. పది మీటర్ల వ్యాసమున్న మన మెషిన్‌కు ఆ వెసులుబాటు లేదు. వెనక సిమెంటు సెగ్మెంట్లను (సొరంగం గోడ ముక్కలను) బిగించుకుంటూ పోతుంది కాబట్టి వెనక్కి రావడమూ కుదరదు. పైగా దోమలపెంట వైపు నుంచి తవ్వకం వాలుకు దిగుతుంది. ఊరిన నీరంతా పని జరిగే చోటికే చేరుతుంది. పంపులు ఆగితే పనీ ఆగినట్టే.

2020లో సొరంగం లోపలి నుంచే భూకంప తరంగాలతో ముందున్న రాయిని పరీక్షించారు. 13.88 నుంచి 13.91 కిలోమీటర్ల మధ్య బలహీనమైన రాయి, నీరు ఉన్నాయని ఆ నివేదిక చెప్పినట్టు ప్రమాదం తర్వాత పత్రికల్లో వచ్చింది. పైకప్పు కూలింది దాదాపు అక్కడే. అప్పటికి ఏళ్లుగా ఆగిన పని మొదలై కొద్దిరోజులే అయింది. నివేదిక బీఆర్ఎస్ హయాంలో వచ్చింది, పని కాంగ్రెస్ హయాంలో మొదలైంది. ఈ సంగతి రెండు పార్టీలూ సగం సగమే చెబుతాయి.

లోపలి రాయి ఎలా ఉందో పైనుంచే తెలుసుకునేందుకు 2025 నవంబరులో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) హెలికాప్టర్ సర్వే మొదలైంది. మిగిలిన తొమ్మిదిన్నర కిలోమీటర్లను మెషిన్ పక్కనపెట్టి డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో తవ్వుతామంటున్నారు. అది నెమ్మది పద్ధతే. కానీ ప్రతి బ్లాస్టింగ్‌కు ముందు పొడవాటి రంధ్రాలు వేసి రాయిని, నీటిని చూసుకోవచ్చు. బలహీనంగా ఉంటే సిమెంటు ఎక్కించి గట్టిపరచవచ్చు. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు, లక్షల ఎకరాలకు రావాల్సిన 30 టీఎంసీలు ఇప్పుడు ఆ రంధ్రాల మీదే ఆధారపడి ఉన్నాయి.