ఎస్ఎస్‌డీ క్యాష్ మీద అపోహలు - వాస్తవాలు: పర్లాకిమిడిలో నాకు తగిలిన దెబ్బతో సహా

రాయగడ, పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల స్టూడియోలకీ రైస్ మిల్లులకీ సర్వర్లు పెట్టడం, పాడైతే బాగుచేయడం నా పని. ఈ మధ్య ఎవరిని కదిపినా "ఆ డిస్కులకి ఒక ఎస్ఎస్‌డీ క్యాష్ తగిలించండి చాలు" అంటున్నారు. అంటే తిరిగే డిస్కుల ముందు, తిరిగే భాగాలు లేని వేగమైన చిప్పుల డ్రైవు (ఎస్ఎస్‌డీ) పెట్టి, తరచూ అడిగేదాన్ని అందులో ఉంచడం. ఒక మిల్లు ఓనరుగారైతే నేను క్యాష్ అనగానే గల్లాపెట్టె తీశారు, అది వేరే సంగతి.

అపోహ: క్యాష్ పెడితే అన్నీ ఎస్ఎస్‌డీ స్పీడులో నడుస్తాయి.

నడవవు. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు) డిస్కు సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది, అంటే కావలసిన చోటు, చదివే హెడ్డు కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు దాటుతుంది, హెడ్డు జరగడానికి ఇంకొంత, అందుకే అక్కడొకటి ఇక్కడొకటిగా చిన్న ముక్కలు అడిగితే ఒక్కో డిస్కు సెకనుకి ఓ వంద ఇవ్వడమే గొప్ప. క్యాష్ ఆదుకునేది ఇక్కడే, అదీ అడిగిందే మళ్లీ మళ్లీ అడిగితే. మిల్లు లెక్కల డేటాబేస్ అలాంటిది. పెళ్లి వీడియో అలా కాదు, అది పొడుగాటి ఫైలు, వరసగా చదవడం డిస్కులకి బాగానే వచ్చు. 2013లో లైనక్స్ 3.10 కెర్నల్‌తో వచ్చిన బీక్యాష్ అనే క్యాష్ సాఫ్ట్‌వేర్ అయితే 4 ఎంబీ దాటి వరసగా వచ్చేదాన్ని, సెట్టింగ్ మార్చకపోతే, క్యాష్‌ని తప్పించి నేరుగా డిస్కులకే పంపేస్తుంది.

అపోహ: క్యాష్ ఎస్ఎస్‌డీ పోతే ఏముంది, డేటా డిస్కుల్లో ఉంటుందిగా.

రైట్-త్రూలో, అంటే డిస్కుల మీద కూడా పడ్డాకే రాసేశానని చెప్పే పద్ధతిలో, అది నిజమే. రైట్-బ్యాక్‌లో మాత్రం ఎస్ఎస్‌డీ మీద పడగానే రాసేశానని చెప్పేస్తుంది, డిస్కుల మీదికి తర్వాత తీరిగ్గా దించుతుంది. పర్లాకిమిడిలో ఒక స్టూడియోకి ఒకే ఒక్క మామూలు ఎస్ఎస్‌డీతో రైట్-బ్యాక్ పెట్టింది నేనే. వానాకాలం, రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతోంది, యూపీఎస్ బ్యాటరీ చూస్తే ముసలిది. ఒక సాయంత్రం ఎస్ఎస్‌డీ లేవలేదు. డిస్కులన్నిటినీ ఒకటిగా కలిపి, రెండు పోయినా తట్టుకునే రైడ్ 6 అది, ఆరు డిస్కులకీ పచ్చలైట్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి, వాల్యూమ్ మాత్రం మౌంట్ కాదు, అంటే ఆ డిస్కులన్నీ కలిసిన నిల్వ తెరుచుకోదు. వీడియోలు డిస్కుల మీదే ఉన్నాయి, కానీ ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే చిన్న చిన్న రాతలు ఎస్ఎస్‌డీతో పాటు పోయాయి. కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు రైట్-బ్యాక్ కావాలంటే రెండు ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో (ఒకే డేటా రెంటి మీదా), అవీ కరెంటు పోయిన క్షణంలో చేతిలో ఉన్నది ఫ్లాష్‌లోకి రాసుకునేలా కెపాసిటర్లున్న రకం. అంత ఖర్చు వద్దంటే రైట్-త్రూ, ఇక చర్చ లేదు.

అపోహ: జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో స్లాగ్ అనే విడి లాగ్ డ్రైవు పెడితే అది రైట్ క్యాష్ (రాసేవాటిని పట్టుకునే క్యాష్).

కాదు. సింక్ రాతలకి (భద్రంగా పడ్డాయని తేలేదాకా ప్రోగ్రామ్ ఆగే రాతలకి) మాత్రమే పనికొచ్చే లాగ్ అది, డిస్కులకి డేటా వెళ్లేది ర్యామ్ నుంచే. స్లాగ్‌ని తిరిగి చదివేది సిస్టమ్ పడిపోయి లేచినప్పుడే. ఎల్‌2ఆర్క్ (చదవడానికి జెడ్‌ఎఫ్‌ఎస్ వాడే ఎస్ఎస్‌డీ క్యాష్) అంటారా, దాని లెక్కలకే కొంత ర్యామ్ తినేస్తుంది, కాబట్టి ముందు ర్యామ్ కొనండి.

అపోహ: చదవడానికే కదా, క్యాష్ ఎస్ఎస్‌డీ అరగదు.

చదివిన ముక్కని క్యాష్‌లో పెట్టాలంటే రాయాల్సిందేగా! మిర్రర్‌లో రెంటి మీదా ఒకే రాతలు పడతాయి కాబట్టి రెండూ ఒకేలా అరుగుతాయి. రెండూ ఒకేసారి పోకూడదని జతలో ఒకటి ఆర్నెల్లు వాడినది పెడతాను. పాత సరుకు అంటగడుతున్నానని ఓనర్లు గొణుగుతారు, గొణగనీ.